117 ఏళ్ల తర్వాత ఊరికి తిరిగొచ్చిన మూడు గంటలు

ఇవాళ్టి ఎపిసోడ్ ఫిలిప్పీన్స్‌లోని బలాంగిగా గురించి. సమార్ అనే దీవి దక్షిణ తీరంలో చిన్న ఊరు. కొబ్బరి, వరి, కాస్త చేపల వేట. ఊరి మధ్యలో చర్చి, దాని ముందు ప్లాజా. ఈ చర్చి గంటల కోసం రెండు దేశాలు దశాబ్దాల పాటు వాదించుకున్నాయంటే నమ్మబుద్ధి కాదు.

ముందు కాస్త బ్యాక్‌గ్రౌండ్. 1898లో స్పెయిన్ ఓడిపోయి ఫిలిప్పీన్స్‌ని 2 కోట్ల డాలర్లకి అమెరికా చేతిలో పెట్టేసింది. ఫిలిప్పీన్స్ వాళ్లని అడిగినవాళ్లు లేరు. 1899లో యుద్ధం మొదలైంది.

1901 ఆగస్టులో అమెరికన్ సైన్యం 9వ ఇన్‌ఫాంట్రీకి చెందిన ఒక కంపెనీ బలాంగిగాలో దిగింది. కెప్టెన్ పేరు థామస్ కానెల్. ఆ రేవు నుంచి గెరిల్లాలకి సరుకులు అందకుండా ఆపడం వాళ్ల డ్యూటీ. మొదట్లో ఊరివాళ్లతో పెద్ద గొడవల్లేవు. తర్వాత కానెల్‌గారికి ఊరు శుభ్రం చేయించాలనిపించింది. మగవాళ్లని పట్టుకొచ్చి వెట్టిచాకిరీ చేయించారు. 16 మంది పట్టే రెండు టెంట్లలో 80 మంది దాకా కుక్కి రాత్రంతా ఉంచారు. ఇళ్లలో తిండికి దాచుకున్న బియ్యం లాక్కున్నారు, బోలోలు కూడా. బోలో అంటే కొబ్బరికాయ కొట్టడానికీ పొదలు నరకడానికీ వాడే కత్తి. రైతు దగ్గర బియ్యం, కత్తి రెండూ లాక్కుంటే ఇంకేం మిగిలింది చెప్పండి?

సెప్టెంబర్ 28, శనివారం పొద్దున. సైనికులు టిఫిన్ చేస్తున్నారు, చాలామంది చేతుల్లో తుపాకుల్లేవు. ఊరి పోలీస్ చీఫ్ వాలెరియానో అబనడోర్ ఒక సెంట్రీ తుపాకి లాక్కుని కొట్టాడు. చర్చి గంట మోగింది. అంతే, వందల మంది బోలోలతో మీద పడ్డారు. 74 మంది సైనికుల్లో 48 మంది చనిపోయారు.

ఇక్కడితో ఆపేసే వీడియోలు బోలెడున్నాయి. నా దృష్టిలో అసలు ఘోరం ఆ తర్వాతిదే. జనరల్ జేకబ్ స్మిత్ సమార్‌ని మనిషి అలికిడి లేని అడవిగా మార్చమన్నాడు. పదేళ్లు దాటినవాడు ఎవడైనా చంపమన్నాడు. అవును, పదేళ్లు. మేజర్ వాలర్ తన రిపోర్టులో పదకొండు రోజుల లెక్క రాశాడు: 255 ఇళ్లు తగలబెట్టాం, 39 మందిని చంపాం, 13 దున్నపోతుల్ని కాల్చాం అని. దున్నపోతుల్ని ఎందుకంటే, అవి లేకపోతే దుక్కి లేదు, పంట లేదు. సమార్‌లో మొత్తం ఎంతమంది చనిపోయారనేదానికి అంచనాలు 2 వేల నుంచి 50 వేల దాకా ఉన్నాయి. అంత తేడా ఉందంటేనే అర్థం చేసుకోండి, లెక్కపెట్టడానికే ఎవరూ కూర్చోలేదు. స్మిత్‌కి కోర్ట్ మార్షల్ జరిగింది. శిక్ష? ఒక మందలింపు, రిటైర్మెంట్.

పోతూపోతూ సైన్యం మూడు గంటల్నీ పట్టుకుపోయింది. రెండు వ్యోమింగ్‌ రాష్ట్రంలోని షయాన్ దగ్గర సైనిక స్థావరంలో, ఒకటి 9వ ఇన్‌ఫాంట్రీతో పాటు తిరిగి తిరిగి దక్షిణ కొరియాలో. ఒకే ఈవెంట్‌కి రెండు సర్వర్లలో రెండు లాగ్‌లు ఉన్నట్టు, అక్కడ ఇది 'బలాంగిగా ఊచకోత', ఆ గంటలు చనిపోయిన సైనికుల జ్ఞాపకం. ఇక్కడ అది తిరుగుబాటు. 1989లో ఫిలిప్పీన్స్ చట్టం చేసి తూర్పు సమార్‌లో సెప్టెంబర్ 28ని 'బలాంగిగా ఎన్‌కౌంటర్ డే' పేరుతో సెలవు దినం చేసింది. మన దగ్గర ఎన్‌కౌంటర్ అంటే వేరే అర్థం వస్తుంది, అది పక్కన పెట్టండి. అక్కడ ఇద్దరు తలపడ్డారని చెప్పడమే ఆ మాట ఉద్దేశం.

గంటలు తిరిగివ్వమని ఫిలిప్పీన్స్ ఏళ్ల తరబడి అడిగింది. వ్యోమింగ్‌లో మాజీ సైనికులు చాలామంది వద్దన్నారు. తమవాళ్ల స్మారకం కదా, వాళ్ల బాధా అర్థమవుతుంది. కానీ ఆ గంటలు చేయించింది మోగడానికి, మ్యూజియం బోర్డు పక్కన వేలాడ్డానికి కాదు. చివరికి 2018 డిసెంబర్ 11న సైనిక విమానంలో మనీలా చేరాయి. 15న ఊరి చర్చికి అప్పగించారు. ఆ మర్నాటి నుంచే క్రిస్మస్ ముందు తొమ్మిది రోజుల తెల్లవారుజాము ప్రార్థనలు మొదలు, టైమింగ్ చూడండి!

వెళ్లాలనుకుంటే టాక్లోబాన్ దాకా ఫ్లైట్, అక్కడ్నుంచి శాన్ హువానికో బ్రిడ్జి దాటితే సమార్. మిగతాది రోడ్డు ప్రయాణం. చర్చి, గంటలు, ప్లాజాలో ఆనాటి దాడిని చూపించే విగ్రహాలు చూడొచ్చు. సెప్టెంబర్ 28కి వెళ్తే ఊరివాళ్లే ఆ ఉదయాన్ని మళ్లీ నటించి చూపిస్తారు.