ప్రేమ పేరిట హింస నుంచి కిశోర బాలికలకు రక్షణ: కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మహిళా సమత అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల లోపు బాలికలను ప్రేమ, స్నేహం పేరిట వెంటాడటం, బెదిరించడం, నిరాకరిస్తే దాడికి పాల్పడటం రాష్ట్రంలో పోలీసు, విద్య, మహిళా శిశు సంక్షేమ శాఖల ముందున్న ముఖ్య సమస్యల్లో ఒకటి. పత్రికలు దీనిని "ప్రేమోన్మాదం"గా వ్యవహరిస్తుండగా, చట్టం దీనిని వేధింపు, వెంటపడటం, లైంగిక నేరం, హత్యాయత్నం వంటి నిర్దిష్టమైన నేరాలుగా చూస్తుంది. దాడి జరిగిన తరువాత దర్యాప్తు, శిక్ష, నష్టపరిహారం ఎంత అవసరమో, దాడికి ముందు నెలల తరబడి సాగే వేధింపు దశలోనే బాలికకు అండగా నిలవడం అంతకన్న అవసరం. ఈ నివారణ దశలో గ్రామస్థాయి సంఘాలు ఏమి చేయగలవో తెలుసుకోవడానికి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మహిళా సమత సొసైటీ జరిపిన కృషి ఉపకరిస్తుంది.

సమస్య స్వరూపం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూలైలో వెల్లడించిన అంచనాల ప్రకారం, వివాహ బంధంలో లేదా సన్నిహిత సంబంధంలో ఉన్న 15–19 ఏళ్ల బాలికల్లో 24 శాతం మంది తమ భాగస్వామి చేతిలో భౌతిక లేదా లైంగిక హింసకు గురైనవారే. పాశ్చాత్య దేశాల్లో ఈ హింస ఎక్కువగా చదువుకునే వయసులోని స్నేహ సంబంధాల్లో కనిపిస్తుంది. తెలుగు ప్రాంతాల్లో దీని రూపం రెండు విధాలుగా ఉంది. మొదటిది, బాలిక అంగీకారంతో నిమిత్తం లేకుండా యువకుడు ఏకపక్షంగా వెంటపడటం. రెండవది, బాల్య వివాహం ద్వారా భర్త ఇంట ఎదురయ్యే హింస. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే వివాహం జరిగింది. వివాహితల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నట్లు అదే సర్వే తెలిపింది.

ఈ రెండు రూపాలకూ మధ్య విడదీయరాని సంబంధం ఉంది. బస్టాండు వద్ద ఎవరో వెంటపడుతున్నారని బాలిక ఇంట్లో చెప్పిన పక్షంలో ఆమెను కళాశాల మాన్పించడమో, తొందరపడి సంబంధం చూడటమో అనేక కుటుంబాల్లో జరుగుతున్నది. తప్పు చేసినవాడు యథాప్రకారం తిరుగుతుండగా, ఫిర్యాదు చేసిన బాలిక చదువు ఆగిపోతుంది. ఈ భయంతోనే బాలికలు మౌనం వహిస్తున్నారు. ఆ మౌనాన్ని అంగీకారంగా భావించి వేధించేవాడు మరింత ముందుకు వెళుతున్నాడు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై జరిగిన యాసిడ్ దాడి ఈ వేధింపు ఎంత దూరం వెళ్లగలదో ఉత్తర తెలంగాణ మొత్తానికీ చూపింది. గాయపడినవారిలో ఒకరు చికిత్స పొందుతూ మరణించారు.

ఉమ్మడి జిల్లాల పరిస్థితులు

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడిన విషయం విదితమే. ఈ ప్రాంతపు సామాజిక పరిస్థితులు ఒక్క తీరుగా లేవు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి పెద్ద సంఖ్యలో పురుషులు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లడంతో ఇంటి బాధ్యత తల్లులపై పడింది. బీడీలు చుట్టే కుటుంబాల్లో బడి మానిన బాలిక తల్లితోపాటు చాట ముందు కూర్చోవడం పరిపాటి. గోదావరిఖని, మంచిర్యాల పరిసరాల్లో సింగరేణి కార్మికుల కాలనీలు, సిరిసిల్లలో మరమగ్గాల వాడలు, ఉట్నూరు ఏజెన్సీలో గోండు, కొలాం గూడేలు ఉన్నాయి. పదవ తరగతి తరువాత చదువు కోసం అనేక గ్రామాల బాలికలు మండల కేంద్రానికో, పట్టణానికో నిత్యం ప్రయాణించవలసి ఉంటుంది. ఇంటికీ కళాశాలకూ మధ్య గల ఈ దారిలోనే, ఇటీవలి కాలంలో సెల్‌ఫోన్ ద్వారానూ, వేధింపు అధికంగా సాగుతున్నది.

మహిళా సమత సొసైటీ కృషి

1986 జాతీయ విద్యా విధానం మహిళా సమానత్వానికి విద్యను సాధనంగా గుర్తించింది. దీనికి అనుగుణంగా కేంద్ర ప్రభుత్వం 1989లో నెదర్లాండ్స్ ఆర్థిక సహాయంతో మహిళా సమాఖ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. రాష్ట్రంలో దీని అమలుకు 1993లో ఆంధ్రప్రదేశ్ మహిళా సమత సొసైటీ రిజిస్టర్డ్ సొసైటీగా ఏర్పాటైంది. మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలతో మొదలైన పని తరువాతి దశల్లో కరీంనగర్, ఆదిలాబాద్ సహా పలు జిల్లాలకు విస్తరించింది. నిధులు ప్రభుత్వానివే అయినప్పటికీ, లాభాపేక్ష లేని స్వతంత్ర సొసైటీగా పనిచేయడం దీని ప్రత్యేకత.

సొసైటీ పొదుపు, రుణాలతో గాక చర్చతో తన పనిని ప్రారంభించింది. గ్రామంలోని నిరుపేద, దళిత, గిరిజన మహిళలు సంఘంగా ఏర్పడి తమ సమస్యలను తామే గుర్తించి, పరిష్కారాన్ని తామే నిర్ణయించుకోవాలన్నది మూల సూత్రం. ఈ మహిళా సంఘాలకు అనుబంధంగా బాలికల కోసం బాల సంఘాలు, కిశోర బాలికల సంఘాలు ఏర్పాటయ్యాయి. చదువు, ఆరోగ్యం, శారీరక మార్పులు, చట్టం, బాల్య వివాహాల వల్ల కలిగే అనర్థాలు ఈ సంఘాల్లో చర్చకు వచ్చేవి. బడి మానిన బాలికల కోసం మహిళా శిక్షణ కేంద్రాల పేరిట వసతితో కూడిన విద్యా కేంద్రాలు నడిచాయి. అక్కడ చదువు పూర్తిచేసిన బాలికలను తిరిగి సాధారణ పాఠశాలల్లో చేర్పించడం లక్ష్యం.

ప్రేమ పేరిట హింసపై ప్రత్యేక పథకమేదీ సొసైటీ చేపట్టలేదు. అయినప్పటికీ ఆ హింసను అడ్డుకోవడానికి అవసరమైన మూడు ఏర్పాట్లు దాని పనిలో ఇమిడి ఉన్నాయి.

మొదటిది, బాలిక భయపడకుండా మాట్లాడగలిగే చోటు. ఇంట్లో చెప్పలేని మాటను తోటి బాలికల సంఘంలో చెప్పగలిగినప్పుడు అది ఒక్కరి అవమానంగా మిగలక, అందరి సమస్యగా మారుతుంది. రెండవది, బాలికకూ తల్లిదండ్రులకూ మధ్య నిలబడగల పెద్దలు. గ్రామ మహిళా సంఘంలో తల్లులు, అత్తలు, అమ్మమ్మలు సభ్యులు కావడంతో "చదువు మాన్పించవద్దు, ముందు వాడి సంగతి చూద్దాం" అని ఆ ఇంటివారికి నచ్చజెప్పగల బలం సంఘానికి ఉంటుంది. మూడవది, న్యాయం అడిగే వేదిక. సొసైటీ ప్రోత్సాహంతో ఏర్పడిన నారీ అదాలత్‌లలో చట్టంపై శిక్షణ పొందిన గ్రామీణ మహిళలు కుటుంబ హింస వంటి ఫిర్యాదులను విని, ఉభయ పక్షాలనూ పిలిపించి మాట్లాడేవారు. కుల పంచాయితీల్లో మహిళలకు మాట్లాడే అవకాశమే అరుదైన చోట ఇది గణనీయమైన మార్పుగా పేర్కొనదగినది.

అయితే నారీ అదాలత్ వంటి వేదికలకు పరిమితి ఉంది. మైనరు బాలికపై లైంగిక నేరం జరిగినప్పుడు రాజీకి చట్టం అవకాశం ఇవ్వదు. అట్టి సందర్భంలో సంఘం చేయవలసినది బాలికను పోలీసుల వద్దకు, వైద్యుల వద్దకు తోడుండి తీసుకువెళ్లడమే. వేధించినవాడితోనే వివాహం జరిపించి తగువు తీర్చే పాత అలవాటు నేరానికి ప్రతిఫలం ఇవ్వడమే అవుతుంది.

పొరుగున వరంగల్ కేంద్రంగా 2000లో ఏర్పడిన తరుణి స్వచ్ఛంద సంస్థ సైతం బాలికా సంఘాల ద్వారా బాల్య వివాహాల నివారణకు పనిచేసింది. హైదరాబాద్‌కు చెందిన భూమిక సంస్థ 2006లో మహిళల కోసం హెల్ప్‌లైన్ ప్రారంభించింది. ఈ సంస్థలు పనిచేసే పద్ధతులు వేరైనా, బాధితురాలి మాటను ముందుగా నమ్మి వినడం అన్నింటికీ ఉమ్మడి సూత్రం.

2016 తరువాత

మహిళా సమాఖ్య కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 2016లో ముగించింది. సంఘాలతో నిత్యం పనిచేసే కార్యకర్తల వ్యవస్థ దీనితో నిలిచిపోయింది. అదే కాలంలో రాష్ట్ర ప్రభుత్వం పోలీసు, సంక్షేమ శాఖల ద్వారా కొత్త ఏర్పాట్లు చేపట్టింది. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో ప్రారంభమైన షీ టీమ్‌లను 2015 నుంచి అన్ని జిల్లాలకు విస్తరించడం జరిగింది. బస్టాండ్లు, కళాశాలల వద్ద సాధారణ దుస్తుల్లో నిఘా ఉంచడం, పట్టుబడిన మైనర్లకు తల్లిదండ్రుల సమక్షంలో కౌన్సెలింగ్ ఇవ్వడం, తీవ్రతను బట్టి కేసు నమోదు చేయడం ఈ బృందాల విధి. హింసకు గురైన మహిళలకు, బాలికలకు ఒకే చోట వైద్య, న్యాయ, పోలీసు సహాయం, తాత్కాలిక వసతి కల్పించే సఖి కేంద్రాలు జిల్లాల్లో పనిచేస్తున్నాయి. 181 మహిళా హెల్ప్‌లైన్, 1098 బాలల హెల్ప్‌లైన్, అత్యవసర సేవలకు 112 నంబరు అందుబాటులో ఉన్నాయి. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన కల్యాణలక్ష్మి పథకంలో వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలన్న నిబంధన బాల్య వివాహాల నివారణకు తోడ్పడేదే.

ఫిర్యాదు అందిన తరువాత ఈ వ్యవస్థలు కదులుతాయి. ఫిర్యాదు చేసే ధైర్యం బాలికకు కలిగేది మాత్రం ఊరిలోనే. సంఘం, ఉపాధ్యాయిని, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల్లో ఎవరో ఒకరు తనను నిందించరన్న నమ్మకం ఉన్నప్పుడే ఆమె నోరు విప్పుతుంది. మహిళా సమత అనుభవం నుంచి ప్రధానంగా గ్రహించవలసిన అంశం ఇదే.

చట్టం ఏమి చెబుతున్నది

మహిళ నిరాకరించినప్పటికీ పదే పదే వెంటపడటాన్ని 2013 నేర చట్ట సవరణ ప్రత్యేక నేరంగా చేర్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 78వ సెక్షన్. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. యాసిడ్ దాడికి 124వ సెక్షన్ కింద కనీసం పదేళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష ఉంది. యాసిడ్ విక్రయాల నియంత్రణపై సుప్రీంకోర్టు 2013 జూలైలోనే ఆదేశాలు జారీ చేసింది.

బాధితురాలు 18 ఏళ్ల లోపు అయితే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. లైంగిక ఉద్దేశంతో బాలికను పదే పదే అనుసరించడం, ఫోన్ లేదా ఇతర సాధనాల ద్వారా వేధించడం, నిజమైన లేదా కల్పిత చిత్రాలతో బెదిరించడం 11వ సెక్షన్ కింద నేరాలు. బాలిక వాంగ్మూలాన్ని ఆమె ఇంటి వద్ద లేదా ఆమె కోరుకున్న చోట, యూనిఫారం ధరించని అధికారి నమోదు చేయాలి. నేరం గురించి తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం విధి. ఇది ఉపాధ్యాయులకు, వైద్యులకు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలకు కూడా వర్తిస్తుంది. నిందితుడు సైతం 18 ఏళ్ల లోపు వాడైతే అతని విషయాన్ని బాల న్యాయ మండలి పరిశీలిస్తుంది.

పరస్పర ఇష్టంతో సాగే కిశోర ప్రాయపు సంబంధాలు కూడా ఈ చట్టం పరిధిలోకి రావడం చర్చనీయాంశమైంది. సమ్మతి వయసును 18 నుంచి తగ్గించరాదని, 16–18 ఏళ్ల వారి కేసుల్లో న్యాయస్థానానికి కొంత విచక్షణ కల్పించవచ్చని లా కమిషన్ 2023 సెప్టెంబరులో సూచించింది. ఇష్టాన్నీ, బలవంతాన్నీ వేరుచేసి చూడగల అవగాహన క్షేత్రస్థాయి సిబ్బందికి అవసరమని ఈ చర్చ తెలియజేస్తున్నది.

బాలురతో పని

నివారణలో సగభాగం బాలురకు సంబంధించినది. "వద్దు" అన్న మాటను ఓటమిగా గాక ఎదుటివారి నిర్ణయంగా స్వీకరించడం చిన్న వయసులోనే నేర్పవలసిన విషయం. హర్యానాలోని 314 ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన అధ్యయనం ఇందుకు ఆధారం చూపింది. వీటిలో ఎంపిక చేసిన పాఠశాలల్లో బ్రేక్‌త్రూ అనే స్వచ్ఛంద సంస్థ 7వ తరగతి నుంచి మొదలుపెట్టి సుమారు రెండున్నరేళ్లపాటు లింగ సమానత్వంపై తరగతులు నిర్వహించింది. ఫలితంగా విద్యార్థుల ఆలోచనలో మార్పు కనిపించిందని 2022లో ప్రచురితమైన పరిశోధన పేర్కొంది. రాష్ట్రంలో తెలుగు అకాడమీ 2015లో ప్రచురించిన ద్విభాషా పాఠ్యపుస్తకం ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ అంశాలను పరిచయం చేసింది. అటువంటి బోధన ఉన్నత పాఠశాల స్థాయిలోనే ప్రారంభం కావడం మేలు.

పత్రికల బాధ్యత

బాధిత బాలిక పేరు, చిత్రం, కుటుంబం, పాఠశాల, చిరునామా, ఇరుగుపొరుగు వివరాలు వెల్లడించడం పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం శిక్షార్హం. చిన్న గ్రామం పేరు, తండ్రి వృత్తి కలిపి రాసినా ఆమె ఎవరో తెలిసిపోతుందన్నది గమనించవలసిన విషయం. నేరాన్ని "ప్రేమ వ్యవహారం"గా, దాడి చేసినవాడిని "విఫల ప్రేమికుడు"గా వర్ణించడం వల్ల బాధ్యత బాలికపైకి మళ్లుతుంది. ఆ వార్త చదివిన మరో ఇంట్లో మరో బాలిక కళాశాల మానవలసి రావచ్చు. సంఘటనతోపాటు సహాయం లభించే నంబర్లను, చట్టం కల్పించే రక్షణను ప్రచురించడం వల్ల వేధింపు దశలోనే ఫిర్యాదులు వచ్చే అవకాశం పెరుగుతుంది.

బాలిక చదువు కొనసాగడమే ఈ కృషి మొత్తానికీ కొలమానం. ఫిర్యాదు చేసిన బాలిక మరుసటి రోజు అదే బస్సులో అదే కళాశాలకు వెళ్లగలిగినప్పుడే రక్షణ వ్యవస్థ తన విధిని నిర్వర్తించినట్లు భావించాలి.