బేరం (మొజంజాహీ మార్కెట్)

అమ్మేవారూ కొనేవారూ మాటలతో ధర తేల్చుకునే పద్ధతి బేరం. హైదరాబాదులో దీన్ని గమనించడానికి ఆబిడ్స్, నాంపల్లి దాపున ఉన్న మొజంజాహీ మార్కెట్ మంచి చోటు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1935లో గ్రానైటుతో కట్టిన, గడియారపు గోపురం ఉన్న ఈ అంగడికి ఆయన రెండో కొడుకు పేరు పెట్టారు. పునరుద్ధరించి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు.

బేరంలో మొదట పడిన అంకెదే పైచేయి. తర్వాతి మాటలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. మనస్తత్వవేత్తలు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ 1974లో ఈ మొగ్గును ప్రయోగాలతో చూపారు. అంగడివాళ్లకు మాత్రం ఇది పాత సంగతే.

మార్కెట్‌లోని అత్తరు కొట్టులో ముందుగా మణికట్టు మీద ఒక చుక్క రాస్తారు. ఉచితమే, కానీ ఆ తర్వాత ఉత్తచేతులతో వెళ్లిపోవడానికి మొహమాటం అడ్డొస్తుంది. నిజానికి అక్కడ బేరం సగం ముగిసినట్టే. పొద్దున బోణీ వేళ కొట్టువాడు వచ్చిన గిరాకీని పోనివ్వడు, పట్టు సడలిస్తాడు. ధర దించనివాడు కూడా కొసరు వేస్తాడు: అతని మాట నిలుస్తుంది, కొన్నవారికి గెలిచిన తృప్తి మిగులుతుంది. “అన్నా”, “భాయ్” అంటూ తెలుగూ దక్కనీ కలిపి మాట్లాడితే బిగువు తగ్గుతుంది. ఐస్‌క్రీమ్ దుకాణాల్లో ఇవేవీ పనిచేయవు. అక్కడ రాసిపెట్టిన ధరే ధర.