కరెంటు రీచార్జి కథ, పాలమూరు వైపు నుంచి

గద్వాల పక్కన జూరాలలో 234 మెగావాట్లు. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 900 మెగావాట్లు. కరెంటు పుట్టేది మా దగ్గరే గానీ, దాన్ని కొలిచే మీటరుతో మా పాలమూరోళ్ళకి ఎప్పుడూ పడదు. పొలం మోటార్ల సంగతే చూడండి. 1980ల్లో ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు, మీటరుతో పనే లేదు. 2000లో చార్జీలు పెంచితే హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఆగస్టు 28న పోలీసు కాల్పులు, ముగ్గురు పోయారు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అదే 24 గంటలు.

ఇంటి మీటరు కథ వేరు. అక్కడ వాడుకున్నాక బిల్లు. మా వనపర్తిలో ప్రీపెయిడ్ మాటెత్తితే అమ్మ ఒకటే మాట, "తిన్నంక గదా పైసలిచ్చేది, తినకముందే ఇస్తరా?" అని. కానీ నిజానికి మనం ముందే ఇస్తున్నాం! దాదాపు రెండు నెలల వాడకానికి సరిపడా డిపాజిట్ డిస్కం దగ్గర ఉంటుంది. 2023 జనవరిలో ఏసీడీ పేరుతో నోటీసులొస్తే జనం గోలెత్తింది దీని గురించే. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ప్రీపేమెంట్ మీటరుకి ఒప్పుకున్నవాడి దగ్గర ఆ డిపాజిట్ అడగకూడదు. ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

ఈ ఐడియా ఏమీ కొత్తది కాదు. 1880ల చివర్లో బ్రిటన్‌లో పెన్నీ వేస్తే గ్యాసు వదిలే మీటర్లు వచ్చాయి. కూలీల ఇళ్ళకి గ్యాసు అమ్మాలి, అప్పు మాత్రం ఇవ్వకూడదు, అదీ లెక్క. తర్వాత దక్షిణాఫ్రికా దాన్ని 20 అంకెల టోకెన్‌గా మార్చింది. కొట్లో డబ్బు కట్టి నంబరు తెచ్చుకుని, ఇంట్లో కీప్యాడ్ మీద కొట్టాలి. మీటరుకి ఏ నెట్‌వర్కూ అక్కర్లేదు, నంబరులోనే ఎన్‌క్రిప్ట్ చేసి అన్నీ పెట్టేశారు.

మనవాళ్ళకి నచ్చే ముక్క ఇక్కడుంది. వాడిన టోకెన్ మళ్ళీ వాడకుండా దానిలో టైముని దాస్తారు: 1993 జనవరి 1 నుంచి నిమిషాలు, 24 బిట్లలో. అంటే 1,67,77,216 నిమిషాలు, దాదాపు 32 ఏళ్ళు. 2024 నవంబర్ 24న అది నిండిపోయింది. ఆలోగా ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు రెండు ప్రత్యేక టోకెన్లు కొట్టాల్సి వచ్చింది, లేకపోతే ఆ మీటరు కొత్త టోకెన్ తీసుకోదు. వైటూకే పుణ్యమా అని అమెరికా విమానాలెక్కిన మన అన్నలు ఇది చూస్తే నవ్వుకుంటారు :)

నాకు భయం బిట్లతో కాదు. అదే 2003 చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బాకీ ఉన్నా సరే కరెంటు తీసెయ్యాలంటే 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ప్రీపెయిడ్‌లో బాలెన్సు సున్నా అయితే బాకీ అనేదే లేదు, కాబట్టి నోటీసూ లేదు. ఎవరూ వచ్చి ఫ్యూజు పీకలేదు, ఇల్లు తనంతట తానే చీకటైంది. బ్రిటన్‌లో బాకీదారుల ఇళ్ళలో బలవంతంగా ఇవి బిగిస్తుంటే గొడవై, 2023 ఫిబ్రవరిలో అక్కడి నియంత్రణ సంస్థ ఆపించింది.

ముంబై, పుణే వలస పోయే పాలమూరు కూలీకి 50 రూపాయల రీచార్జి సుఖమే, కాదనను. ప్రీపెయిడ్ సిమ్ముని ముందు అలవాటు చేసుకున్నదీ వాళ్ళలాంటివాళ్ళే. కాకపోతే సిమ్ము ఆగితే మాట ఆగుతుంది. ఇక్కడ ఊళ్ళో ముసలమ్మ ఫ్యాను ఆగుతుంది, రీచార్జి చేసే కొడుకేమో పుణేలో ఉంటాడు. అందుకే రాత్రిపూట, సెలవు రోజుల్లో సున్నా అయినా తియ్యకుండా కొన్నాళ్ళు అప్పు ఇచ్చే ఏర్పాటు మీటరులోనే ఉండాలంటాను.

2020 కేంద్ర నిబంధనలైతే కొత్త కనెక్షన్లకి ప్రీపెయిడ్ మీటరే అన్నాయి. మన దగ్గర దానికో చిక్కు ఉంది. 2024లో మొదలైన గృహజ్యోతిలో నెలకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. పోస్ట్‌పెయిడ్‌లో ఇది నెలాఖరు లెక్క. ప్రీపెయిడ్‌లో మరి 29వ తారీఖు రాత్రి 201వ యూనిట్ తిరిగిన క్షణాన, అంతవరకూ సున్నా అనుకున్న 200 యూనిట్ల డబ్బూ ఒక్కసారే బాలెన్సులోంచి పోవాలా? ఆ కోడ్ రాసేవాడు మనలోనే ఎవడో ఒకడై ఉంటాడు. ఏం రాస్తారో చెప్పండి.