గుడిమల్లము: నీరు వచ్చిపోవు గర్భగృహము

నీటిలో మునిగిన దేవాలయముల కథలనిన వినని చెవి లేదు. గ్రీకు దేశపు ప్లేటో పండితుడు ఒక్క పగలు, ఒక్క రాత్రిలో సముద్రము పాలైన అట్లాంటిసు ద్వీపమును వర్ణించుచు, అచ్చట వెండి తాపడము చేసిన దేవాలయము ఉండెనని వ్రాసెను. ఆ ద్వీపము నేటివరకు ఎవరికిని దొరకలేదు. మన దక్షిణ దేశమున మహాబలిపురమున ఏడు గుడులుండెననియు, ఒకటి తప్ప తక్కినవన్నియు కడలిలో కలిసెననియు చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. 2002లో పరిశోధకులు అచ్చటి సముద్రపుటడుగునకు దిగి, తీరపు దేవాలయమునకు కొంత దూరమున రాతి గోడల శిథిలములను చూచిరి గనుక ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు.

మన శ్రీకాళహస్తి ప్రాంతము వారికి అంత దూరము పోవలసిన పని లేదు. స్వర్ణముఖికి ఎదురేగి, ఏర్పేడు దాటి, పూసల పనికి పేరుపడిన పాపానాయుడుపేట చేరినచో సమీపముననే గుడిమల్లము కలదు. అచ్చట పరశురామేశ్వరుని గర్భగృహములోనికి భూమి అడుగునుండి నీరు వచ్చి, స్వామి శిరస్సును తాకి, మరల వచ్చిన త్రోవనే పోవునని పెద్దలు చెప్పుదురు. ఆ గుడిని మొదట నిలిపినవారెవరో ఒక్క శాసనమును చెప్పదు. నీరును నిజము, నిలిపినవారి పేరు లేకపోవుటయు నిజము. ఈ రెండింటిని గూర్చియే ఈ వ్యాసము.

ముందు స్వామిని చూతము. గట్టి గోధుమవన్నె రాతిలో మలచిన లింగము, ఇంచుమించు అయిదడుగుల ఎత్తు. దాని ముందు భాగమున నిలువెత్తు పురుషమూర్తి చెక్కబడి యున్నది. ఆతనికి చేతులు నాలుగు కావు, రెండే. కుడిచేత వెనుకకాళ్లు పట్టి తలక్రిందుగా వ్రేలాడదీసిన పొట్టేలు. ఎడమచేత చిన్న పాత్ర. ఎడమ భుజముపై గండ్రగొడ్డలి. చెవులకు కుండలములు కలవు, మేన జన్నిదము లేదు. పాదముల క్రింద పొట్టి యక్షుడొకడు ఆ బరువునంతయు మోయుచు ముఖమున నవ్వు చెడక యున్నాడు. పురాణములలో మనము చదువుకొన్న శివుని ఆకృతికిని ఈ వేటగాని వంటి వీరునికిని ఎంత దూరమో చూచినవారికే తెలియును. కన్నప్పను కన్న సీమలో శివుడే వేటగాడై నిలుచుట నాకు వింతగా తోచలేదు.

ఈ మూర్తిని పండితలోకమునకు పరిచయము చేసినవారు టి. ఏ. గోపీనాథరావుగారు. మూర్తిశిల్పమును గూర్చి వారు రచించి 1916లో ప్రకటించిన సంపుటమున దీనిని విపులముగా చర్చించి, భార్హుతు, సాంచి శిల్పములతో పోల్చి, క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమునాటిదని నిర్ణయించిరి. తరువాతి పండితులలో కొందరు దీనిని ఒకటి రెండు శతాబ్దములు ఈవలకు తెచ్చిరి. ఏ లెక్కకైనను, మనకు దొరకిన శివలింగములలో మిక్కిలి ప్రాచీనములైన వానిలో ఇది ముందు వరుసలోనిది. 1954 నుండి ఈ గుడి కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలో నున్నది.

1973లో ఆ శాఖ పక్షమున ఇంగువ కార్తికేయ శర్మగారు గర్భగృహమున త్రవ్వకము జరిపిరి. లింగము చుట్టును చతురస్రముగా రాతి కంచె బయల్పడెను. అమరావతి మొదలగు బౌద్ధస్తూపముల చుట్టు ఉండునట్టి కంచెయే యిది. శాతవాహనుల కాలపు నలుపు, ఎరుపు వన్నెల కుండపెంకులును, ఆ కాలపు కట్టడములలో కానవచ్చునట్టి పెద్ద ఇటుకలును దొరకినవి. ఇటుక పొడవు 42, వెడల్పు 21, మందము 6 సెంటీమీటరులు. నేటి ఇటుకను దాని ప్రక్కన పెట్టిన పిల్లవానివలె కనబడును. మొదట స్వామి ఆరుబయట, కంచె నడుమ పూజలందెననియు, గుడి తరువాత వచ్చెననియు పండితుల ఊహ.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. గర్భగృహపు నేల అంతరాళము, ముఖమండపముల నేలకంటె పల్లముగా నున్నది. దేవుడు భూమిలోనికి క్రుంగెనని కొందరందురు. నా అభిప్రాయము వేరు. ఇటుకతో కట్టినవారును, వారి వెనుక రాతితో కట్టినవారును స్వామిని కదల్ప సాహసింపలేదు. తరతరమునకు చుట్టుపట్ల నేల పెరిగినది. స్వామి మాత్రము తాను మొదట నిలిచిన నేలమీదనే నిలిచెను. మన శ్రీకాళహస్తి ఆలయములో పాతాళ వినాయకుని చూచుటకు మెట్లు దిగి పోవుదుము గదా. అచ్చట దిగినవారికి ఇచ్చటి పల్లము వింత గొలుపదు.

జనుల కథలోను ఈ పల్లము చోటు చేసికొన్నది. పరశురాముడు ఇచ్చటి కొలనిలో దినమున కొక్కటిగా పూచు పూవుతో శివుని పూజించెడివాడట. చిత్రసేనుడను యక్షుడు ఆ కొలనికి కావలి. ఒకనాడు యక్షుడే ఆ పూవుతో పూజ చేయగా ఇరువురికి ఘోర యుద్ధము జరిగెననియు, ఆ యుద్ధమున నేల పల్లమయ్యెననియు, గుడిపల్లమే గుడిమల్లమాయెననియు చెప్పుదురు. శాసనములలో ఊరి పేరు గుడిమల్లము కాదు, తిరువిప్పిరంబేడు. అనగా విప్రుల ఊరు. కథ చెప్పువారికి శాసనముతో పనిలేదు. అయినను ఈ చోటు పల్లమనియు, ఇచ్చట నీరున్నదనియు కథ మరువలేదు. అంతమాత్రమునకు నేను దానిని గౌరవింతును.

శాసనముల మాట వచ్చినది గనుక చెప్పెదను. నేను గ్రామమున లెక్కలు వ్రాసి జీవించువాడను. మా పెద్దలనాటి కరణీకములు 1984లో పోయినవి గాని లెక్క పోలేదు. గుడిమల్లపు గోడలను చూచినప్పుడు నాకు సొంత చిట్టా చూచినట్లే యుండును. తమిళ లిపిలో పల్లవుల కాలమునుండి, బాణుల మీదుగా, చోళుల వరకు అన్నియు జమలే. నిత్యపూజకు ఒకరు భూమి నిచ్చిరి, ఒకరు ధనము నిచ్చిరి, ఒకరు గోవుల నిచ్చిరి. విక్రమచోళుని కాలమున, క్రీ.శ. 1126లో, గుడిని సమూలముగా రాతితో మరల కట్టిరి. ఏనుగు వెనుకభాగమువలె గుండ్రముగా వంగిన ఆ విమానమునే నేడు మనము చూచుచున్నాము. రాజవంశము మారినపుడెల్ల ఖాతా ముందుకు సాగినది. కాబట్టి, ఎచ్చటినుండియో వచ్చి మాయమైన జాతి యేదో ఈ దేవుని విడిచిపోయెనని చెప్పుట నాకు సమ్మతము కాదు. వారి కుండల పెంకులు మన పొలములలోనే యున్నవి. మాయమైనది మొదటి పుట మాత్రమే.

ఇక నీరు. గర్భగృహము ప్రక్కన భూమిలో చిన్న తొట్టియు, అందుండి లోనికి కాలువయు కలవు. అరువదేండ్లకొకమారు నీరు పొంగి లింగము శిరస్సును తాకి వెనుకకు పోవుననియు, పిదప తొట్టి ఎండిపోవుననియు చెప్పుదురు. 2005 డిసెంబరు 4వ తేదీ, ఆదివారమున అట్లు జరిగెను. ఆ నీటిని కన్నులార చూచిన ఆలయ సేవకుడు 1945లోను తాను చూచితినని చెప్పెను.

ఇందు దైవలీల లేదని నేననను. భూమి పని మాత్రము ఉన్నది. స్వర్ణముఖి మన కన్నులకు ఎండిన ఏరు. ఇసుకలో చెలమ తీసినవానికి అది ఎండలేదని తెలియును. ఈశాన్య ఋతుపవనము అశ్వయుజ, కార్తిక మాసములలో కురిసిన వాన ఇసుకలోనికి దిగి, అడుగున నడచి, వేసవిలో చెలమలకును ఊటకాలువలకును అందును. వాన అతిగా కురిసిన ఏట నేల క్రింది నీటిమట్టము పైకి లేచును. పల్లమున నున్న గర్భగృహమునకు ఆ నీరు చేరుట ఆశ్చర్యము కాదు. 2005 చివర మన ప్రాంతమున వానలు బలముగా కురిసినవి. నీరు వచ్చినది మార్గశిర శుక్లపక్షమున. లెక్క కుదురుచున్నది.

అరువదేండ్ల మాటనే నేను పూర్తిగా ఒప్పుకొనలేను. అరువది మన సంవత్సరముల చక్రము. 2005 ఉగాదికి వచ్చినది పార్థివ. 1945 ఉగాదికి వచ్చినదియు పార్థివయే. బాల్యమున చూచినదానిని వార్ధక్యమున మరల చూచి చెప్పగల మనుష్యునికి నడుమ సుమారు అంత కాలమే పట్టును. ఆ అరువది నదిదో, మన జ్ఞాపకముదో రెండు పద్దులతో తేలదు. రెండు పద్దులకు ఏ లెక్కరియు నిల్వ తీయడు.

నాగార్జునకొండను చూడుడు. ఇక్ష్వాకుల విజయపురి, కృష్ణయొడ్డున అష్టభుజస్వామి, పుష్పభద్రస్వామి మొదలగు దేవుళ్ల గుడులు నేడు నిజముగానే జలాశయపు టడుగున నున్నవి. కాని 1955 డిసెంబరులో నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేయుటకు ముందే, 1954లో, డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున పెద్దయెత్తు త్రవ్వకములు మొదలైనవి. 1960 వరకు లోయయంతయు త్రవ్వి, కొలిచి, వ్రాసి, కొన్నింటిని కొండమీదికి, అనుపునకు తరలించి మరల కట్టిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. లెక్క ముందు, నీరు వెనుక. అందువలన విజయపురి మునిగియు పోలేదు. గుడిమల్లమున నీరు తనంత తాను వచ్చి పోవుచున్నది. లెక్క వ్రాసిన చేయి మాత్రము కనబడదు.

ఆ నీరు ఎప్పటివలె వచ్చునను ధీమాయు నాకు లేదు. శ్రీకాళహస్తి ఆలయమును కట్టిన కూలీలకు వేతనముగా ఇచ్చిన స్వర్ణముఖి ఇసుక బంగారమయ్యెనని మన కథ. నేటి ట్రాక్టరువారికి అది కథ కాదు. ఇసుక తరిగినకొలది చెలమ లోతగును. బోరు దిగినకొలది బావి ఎండును. మట్టము ఇట్లే దిగుచు పోయినచో 2065 పార్థివలో ఎంత వాన కురిసినను నీరు తొట్టి వరకు లేచునో లేదో. నేడు మన గ్రంథాలయములో పిల్లల బల్లయొద్ద బొమ్మల పుస్తకము చదువు పదేండ్ల బాలుడు అప్పటికి ఇంచుమించు ఏబదేండ్లవాడై యుండును. చూచి చెప్పవలసినవాడు వాడే.

అందుచే కార్యదర్శిగారి అనుమతితో రెండువందల పుటల బైండు పుస్తకమొకటి పత్రికల బల్ల ప్రక్కన త్రాటితో కట్టించితిని. ప్రతి పౌర్ణమికి తమ బావిలో నీరెన్ని మూరల లోతున నున్నదో చందాదారులు అందు వ్రాయవలెను. ఏరు పారిన దినము, ఆగిన దినము, చెలమ లోతు వ్రాయవలెను. గుడిమల్లమునకు పోయివచ్చినవారు తొట్టిలో నీరున్నదో లేదో చూచి తేదీతో వ్రాయవలెను. మొదటి పుటలో 1945, 2005 రెండు పద్దులును నేనెక్కించితిని. దయచేసి పెన్సిలు వాడక, సిరాతో వ్రాయుడు.