లంగరు పట్టు

ఓడ ముందు కొసన, లంగరు గొలుసు డెక్కు కిందికి దిగే చోట, బరువైన యంత్రం ఒకటి ఉంటుంది. ఓడవాళ్లు దాన్ని విండ్‌లాస్ అంటారు. అడ్డంగా పడుకోబెట్టిన ఇరుసు, దాని మీద పీపా లాంటి దిమ్మో గాళ్లున్న చక్రమో, ఒక పక్కన బ్రేకు. చూడ్డానికి మన నూతి గిలకకు పెద్దన్నలా ఉంటుంది. దీని చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా బలం చరిత్రగానే చెబుతారు. మొదట మనుషుల భుజాలు, తర్వాత ఆవిరి, ఆ తర్వాత కరెంటు, నూనె ఒత్తిడి. ఒక్కో మెట్టుకూ లంగరు ఎత్తడం తేలికైంది, అందుకు కావలసిన మనుషులు తగ్గారు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఆ యంత్రాన్ని విప్పి, ముక్కలన్నీ డెక్కు మీద వరసగా పరిస్తే ఇంకో కథ బయటపడుతుంది. ఎక్కువగా అరిగిపోయి కనిపించేవి లాగే భాగాలు కావు, పట్టి నిలిపే భాగాలు: బ్రేకు పట్టీ, క్లచ్, గొలుసు కూర్చునే గాళ్లు, పాత ఓడల్లోనైతే పళ్లలో పడే ఇనుప నాలుక. ఈ యంత్రం పుట్టిందీ, ఇన్ని వందల ఏళ్లుగా మారుతూ వచ్చిందీ ముఖ్యంగా పట్టు కోసమేనని నా నమ్మకం. లాగడం దానికి రెండో పని.

ఈ మాటకు మొదటి ఆధారం విండ్‌లాస్‌కూ కాప్‌స్టన్‌కూ ఉన్న తేడాలో దొరుకుతుంది. కాప్‌స్టన్ ఇరుసు నిలువుగా ఉంటుంది. దానికి చుట్టూ పొడుగాటి కర్రలు దూర్చి, గానుగ చుట్టూ తిరిగినట్టు మనుషులు తిరుగుతారు. ఆగకుండా లాగడానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. మరి అంత మంచిదైతే ప్రతి ఓడా దాన్నే ఎందుకు పెట్టుకోలేదు? దాన్ని తిప్పడానికి పెద్ద గుంపు కావాలి కాబట్టి. యుద్ధనౌకల్లో ఆ గుంపు ఉండేది. బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడ లంగరు మోకు చుట్టుకొలత 24 అంగుళాలు, అంటే మనిషి తొడంత లావు. అది కాప్‌స్టన్ చుట్టూ వంగదు గనక, దానికి బదులు సన్నటి తాడొకటి కాప్‌స్టన్‌కు చుట్టి, ఆ తాడుకు లావు మోకును చోటుచోటునా చిన్న తాళ్లతో కడుతూ విప్పుతూ లాగేవాళ్లు. మోకును పట్టి నిలిపే పని కాప్‌స్టన్‌ది కాదు. దానికోసం విడిగా లావాటి కొయ్య గుంజలుండేవి. సరుకుల ఓడలో సంగతి వేరు. పదిమందో పదిహేనుమందో ఉంటారు, వాళ్లలో కొందరు తెరచాపల దగ్గరా చుక్కాని దగ్గరా ఉండాలి. లాగిందాన్ని పట్టుకుని నిలబడ్డానికి మిగిలే చేతులు లేవు. ఆ ఓడలకు కావలసింది లాగడమూ పట్టి ఉంచడమూ రెండూ ఒక్క చోటే చేసే యంత్రం. విండ్‌లాస్ అదే. 1962లో జర్మనీలో వేజర్ నది బురదలో దొరికిన బ్రెమెన్ ఓడ 1380 ప్రాంతానిది. దాని వెనక భాగంలో అడ్డ ఇరుసు విండ్‌లాస్ కూడా ఉంది, దాని పైనున్న అరుగు మీద కాప్‌స్టన్ కూడా ఉంది. ఒకే ఓడవాళ్లు రెండూ పెట్టుకున్నారంటే రెండింటి పనీ ఒకటి కాదని అప్పటికే తెలుసన్నమాట.

కొయ్య విండ్‌లాస్ ఎలా పని చేసేదో కాస్త దగ్గరగా చూడాలి. లావాటి దుంగను ఎనిమిది పలకలుగా చెక్కి, రెండు చివర్లా గట్టి గుంజల మధ్య అడ్డంగా నిలిపేవాళ్లు. పలకల మీద చదరపు బెజ్జాలు. మోకును దుంగకు మూడు చుట్లు చుట్టి, ఒక కొస సముద్రంలోకి, రెండో కొస ఓడ కడుపులోకి. కళాసులు గడ్డపలుగు లాంటి కర్రల్ని పైబెజ్జాల్లో దూర్చి, ఒంటి బరువంతా వేసి కిందికి వంచుతారు. దుంగ పావు చుట్టు తిరుగుతుంది. అప్పుడు నడిమి గుంజకు వేలాడే ఇనుప నాలుక, దాని పేరు పాల్, టక్కుమని దుంగ పన్నులో పడుతుంది. ఇక బరువంతా దాని మీదే. కర్రలు బయటికి తీసి, మళ్లీ పైబెజ్జాల్లో దూరుస్తారు. కర్రలు మార్చే ఈ విరామంలో, అంటే పనిలో దాదాపు సగం సేపు, ఏ మనిషీ ఏమీ లాగడం లేదు. లంగరును పట్టుకున్నది ఆ నాలుక ఒక్కటే. అది జారితే దుంగ వెనక్కి గిర్రున తిరుగుతుంది, బెజ్జాల్లో ఉన్న కర్రలు మనుషుల దవడలూ పక్కటెముకలూ విరగ్గొడతాయి. అందుకే పాల్ పడే పన్నుల అంచులు మొద్దుబారకుండా చూడడం, దాని మేకు వదులైతే మార్చడం ఓడ వడ్రంగి పనుల్లో ముందు వరసలో ఉండేది. కర్ర విరిగితే ఇంకో కర్ర చెక్కుకోవచ్చు. పాల్ విరిగితే ఓడ పోవచ్చు.

మన తీరానికి ఈ సంగతి బాగా తెలిసే ఉండాలి. మచిలీపట్నం, కాకినాడ, మద్రాసు, వీటిలో ఎక్కడా పెద్ద ఓడ గట్టుకు ఆనుకుని నిలబడే వీలుండేది కాదు. విశాఖలో లోపలి రేవు 1933లో తెరిచారు. అలాంటి రేవులు కట్టకముందు శతాబ్దాల పాటు ఓడలు ఒడ్డుకు దూరంగా తెరిపి సముద్రంలో ఆగేవి, సరుకు మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు చేరేది. అలాంటి చోట రేవంటే కట్టిన గోడ కాదు, అడుగు ఇసకలో దిగిన లంగరే రేవు. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లాబూర్దొనే నౌకాదళాన్ని అక్టోబరు 13న వచ్చిన తుఫాను ఆ తెరిపిలోనే చెల్లాచెదురు చేసింది. గాలివాన సూచన కనబడితే ఓడలు మోకు కోసేసైనా లోతు సముద్రంలోకి పారిపోవాలన్నది ఆ తీరంలో నేర్చుకున్న పాఠం. జనపనార మోకును గొడ్డలితో కొయ్యొచ్చు. గట్టిగా పట్టాలి, కావాలనుకున్న క్షణాన వదలాలి కూడా. పట్టు అంటే ఈ రెండూ కలిపి.

ఇనప గొలుసు వచ్చాక ఈ లెక్క కష్టమైంది. ఇంగ్లీషు నౌకాదళ అధికారి శామ్యూల్ బ్రౌన్ 1808లో గొలుసు మోకులకు పేటెంటు తీసుకున్నాడు. 1813లో థామస్ బ్రంటన్ ఒక్కో లంకె నడుమ అడ్డకడ్డీ పెట్టి, లంకె సాగకుండా, గొలుసు ముడిపడకుండా చేశాడు. గొలుసు రాళ్ల మీద ఒరుసుకున్నా తెగదు, తేమకు కుళ్లదు. కానీ కొయ్య దుంగ మీద మూడు చుట్లు చుడితే జారుతుంది, దుంగను కొరికేస్తుంది. అందుకే దుంగకు ఇనప పట్టీలు వేశారు. చివరికి లంకె ఆకారానికి సరిగ్గా సరిపోయే గాళ్లు పోతపోసిన చక్రం వచ్చింది. దాన్ని ఓడవాళ్లు జిప్సీ అంటారు. 19వ శతాబ్దం నడిమికి, బోరింగు పంపు కొట్టినట్టు కర్రల్ని పైకీ కిందికీ ఊపితే తిరిగే విండ్‌లాస్‌లు వాడుకలోకి వచ్చాయి. గమనించాల్సిందేమిటంటే, ఈ మార్పులన్నీ ఆవిరి రాకముందే మొదలయ్యాయి, వీటిలో చాలావరకు గొలుసు జారకుండా ఎలా పట్టాలన్న ప్రశ్నకు జవాబే. పట్టు తప్పితే ఏమవుతుందో ఆ కాలపు తుఫాన్లే చెబుతాయి. 1864 అక్టోబరు 5న కలకత్తా తుఫానులో హుగ్లీ నదిలోని ఓడలు గుంపులుగుంపులుగా కట్లు తెంపుకున్నాయి. నవంబరు 1న మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచి వేలమందిని మింగింది. అదే ఏడు బ్రిటిష్ పార్లమెంటు లంగర్లనూ గొలుసులనూ పరీక్షించాలని చట్టం చేసింది. ఆ చట్టానికీ మన ఉప్పెనకూ సంబంధం లేదు. అయినా ఆ రెండూ ఒకే ఏడు పక్కపక్కన కనిపిస్తే, ఆ చట్టం ఏ భయంలోంచి పుట్టిందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఆవిరి వచ్చాకనే కదా నాలుగైదుగురితో పెద్ద ఓడ లంగరు లేవడం సాధ్యమైంది, అసలు విప్లవం బలానిదే కాదా? కళాసుల బతుకులో అది నిజంగా పెద్ద మార్పే. నడుములు విరిగే చాకిరీ తప్పింది. యంత్రం రూపానికి మాత్రం అది కొలమానం కాదు. ఈనాటి నియమాలు చూడండి. అంతర్జాతీయ వర్గీకరణ సంస్థల సంఘం పెట్టిన లెక్క ప్రకారం విండ్‌లాస్ మోటారు నిమిషానికి 9 మీటర్ల వేగంతో గొలుసును లాగగలిగితే చాలు; అది మామూలుగా చూపాల్సిన లాగుడు బలం గొలుసు తెగే బలంలో పదో వంతు కూడా ఉండదు. అదే బ్రేకు అయితే, గొలుసును విడిగా ఆపే స్టాపరు ఉంటే తెగే బలంలో 45 శాతం, లేకపోతే 80 శాతం మొయ్యాలి. పైగా లంగరు వేసి ఓడ నిలబడ్డాక క్లచ్ విడదీస్తారు, మోటారుకూ గొలుసుకూ సంబంధమే ఉండదు. రాత్రంతా గాలిలో ఓడ ఊగుతుంటే పని చేస్తున్నది మోటారు కాదు.

మరి స్టాపరు ఉన్నప్పుడు పట్టు దానిది కదా, విండ్‌లాస్‌ది ఎలా అవుతుందని ఇంకొకరు అడగొచ్చు. ఇది బలమైన ప్రశ్నే. మంచి అలవాటున్న ఓడలో బరువును స్టాపరుకే అప్పగిస్తారు. అయితే నియమం స్టాపరున్న ఓడలో కూడా బ్రేకును వదిలిపెట్టలేదు, దాదాపు సగం బరువు మోసే బాధ్యత దానికి పెట్టింది. కారణం తేలికే: లంగరు వేస్తున్నప్పుడు, తీస్తున్నప్పుడు, గొలుసు పొడవు చాలక ఇంకో షాకిల్, అంటే 27.5 మీటర్ల గొలుసు, వదులుతున్నప్పుడు స్టాపరు తెరిచే ఉంటుంది. ఇంజను ఆగిపోవడం, ఓడ వెనక్కి కొట్టుకుపోవడం వంటివి అలాంటప్పుడే ప్రమాదంగా మారతాయి.

చిన్న పడవ కరెంటు విండ్‌లాస్‌ను విప్పే పనిలో ఇదంతా చేతికి తగులుతుంది. ముందు గొలుసును వేరే గుంజకు కట్టి, కరెంటు బ్రేకరు ఆపి, కింద గుడ్డ పరవాలి. లేకపోతే ఇరుసులోని చిన్న ఉక్కు కీ సముద్రంలోకి జారిపోతుంది. పై బిళ్ల తిప్పితే క్లచ్ శంకువు, దాని కింద జిప్సీ, దాని కింద రెండో శంకువు బయటికొస్తాయి. శంకువుల మీద ఎండిన గ్రీజు, ఉప్పు, గొలుసు నుంచి రాలిన జింకు పొడి కలిసి బూడిదరంగు జిగురుగా మారి ఉంటాయి. అల్యూమినియం ఒంటికి స్టీలు స్క్రూ తగిలిన చోట తెల్లటి పొడి. దాన్ని గీకి, తుడిచి, శంకువుకు గ్రీజు పల్చగా రాయాలి. పూయకుండా వదిలేస్తే రెండు ముఖాలూ కరుచుకుపోయి అత్యవసరంలో గొలుసు వదలదు, మందంగా పులిమితే పట్టు సరిగా అందదు. ఆ పల్చటి పూతలో నిర్ణయమయ్యేది పట్టడం, వదలడం. మోటారు జోలికే పోలేదు.

ఇప్పుడు గేర్లన్నీ నూనె నింపి మూసేసిన పెట్టెల్లో వస్తున్నాయి, విప్పే అవసరం తగ్గిపోతోంది అనేవాళ్లున్నారు. తగ్గింది గేర్ల వరకే. వాళ్లు మూసింది లాగే భాగాన్ని. బ్రేకు, క్లచ్, జిప్సీ, గొలుసు ఉప్పుగాలికి బయటే ఉన్నాయి, ఉండక తప్పదు. ఓడ డ్రై డాక్‌కు వచ్చినప్పుడు గొలుసు మొత్తం కిందికి దించి వరసలుగా పరుస్తారు. సుత్తితో లంకెల మీద కొట్టి చప్పుడు వింటారు, వదులైన అడ్డకడ్డీ మూగగా పలుకుతుంది. లంకె లావు కొలుస్తారు. మొదటి లావులో 12 శాతం అరిగితే ఆ ముక్క తీసేయాల్సిందే. చివరిగా గొలుసు పెట్టెలోకి మనిషి దిగి, గొలుసు ఆఖరి లంకెను ఓడకు కట్టి ఉంచే పిన్నును చూస్తాడు. తుఫానులో లంగరును వదిలి పారిపోవాల్సి వస్తే బయటినుంచి సుత్తి దెబ్బకు ఊడాల్సిన పిన్ను అది. ఏళ్ల తరబడి ఎవరూ కదపని ఆ పిన్నును ఊడదీసి, తుప్పు గీకి, గ్రీజు రాసి, మళ్లీ అదే చోట పెడతారు.