వర్చువల్ మెషీన్ హోస్టులలో లింక్ అగ్రిగేషన్

లింక్ అగ్రిగేషన్ అనునది రెండు లేక అంతకంటె ఎక్కువ ఈథర్నెట్ లింకులను జతచేసి, వాటిని ఒకే లింకు వలె వాడుకొను పద్ధతి. దీనిని లినక్సులో బాండింగ్ అనియు, విండోస్, వీఎమ్‌వేర్ వ్యవస్థలలో టీమింగ్ అనియు, సిస్కో స్విచ్చులలో ఈథర్‌ఛానెల్ అనియు అందురు. ఒక సర్వరుపై అనేక వర్చువల్ మెషీన్లు నడచునపుడు వాటన్నింటికీ బయటి నెట్‌వర్కును చేరు దారి ఆ హోస్టు సర్వరు నెట్‌వర్కు కార్డే. ఆ కార్డుకు గాని, కేబులుకు గాని, స్విచ్చు పోర్టుకు గాని లోపం కలిగినచో మెషీన్లన్నీ ఒక్కసారిగా నెట్‌వర్కు నుండి తెగిపోవును. ఈ ప్రమాదాన్ని నివారించుట, అనేక మెషీన్ల రద్దీని పలు లింకులపై పంచుట ఈ పద్ధతి ముఖ్య ప్రయోజనాలు.

చరిత్ర

వినోద్ భరద్వాజ్, ల్యారీ బ్లెయిర్ అమెరికాలో స్థాపించిన కల్పన అను సంస్థ 1990లో మొట్టమొదటి ఈథర్నెట్ స్విచ్చును తయారుచేసినది. ఈథర్‌ఛానెల్ కూడ ఈ సంస్థ రూపొందించినదే. 1994లో సిస్కో ఈ సంస్థను కొనుగోలు చేసినది. వేర్వేరు తయారీదారుల పరికరాలు కలిసి పనిచేయుటకు వీలుగా 2000లో ఐఈఈఈ 802.3ఏడీ ప్రమాణం వెలువడినది. ఇందులోనిదే ఎల్ఏసీపీ అను ప్రోటోకాల్. 2008లో ఈ ప్రమాణాన్ని 802.1ఏఎక్స్ గా మార్చిరి. అయినను పాత పేరే నేటికీ లినక్సు బాండింగ్‌లో నిలిచియున్నది.

పనిచేయు విధానం

ఒకే సంభాషణకు చెందిన ఫ్రేములు వరుస తప్పకుండ గమ్యం చేరవలెను. అందుచేత పంపు పరికరం ప్రతి ఫ్రేములోని చిరునామాలను తీసుకొని, ఒక లెక్క (హాష్) ప్రకారం ఏ లింకుపై పంపవలెనో నిర్ణయించును. ఒకే చిరునామాల జంట ఎల్లప్పుడు ఒకే లింకుపై పోవును.

దీని ఫలితాన్ని చాలమంది పొరబడుదురు. 1 గిగాబిట్ లింకులు రెండు కలిపినంతనే 2 గిగాబిట్ల ఒకే లింకు ఏర్పడదు. బాటను రెండు వరుసలుగా వెడల్పు చేసినచో ఎక్కువ బండ్లు పోగలవు గాని, ఒక బండి వేగం పెరగదు. అట్లే ఒక వర్చువల్ మెషీన్ నుండి ఒక నిల్వ సర్వరుకు ఒకే కనెక్షనుపై పెద్ద ఫైలును పంపునపుడు 1 గిగాబిట్ మాత్రమే లభించును. పలు మెషీన్లు పలు గమ్యాలతో మాట్లాడునపుడే రెండు లింకులూ ఉపయోగపడును.

హోస్టులో ఎంచుకొన్న లెక్క బయటకు పోవు ఫ్రేములకే వర్తించును. లోనికి వచ్చు వాటిని ఏ లింకుపై పంపవలెనో స్విచ్చు నిర్ణయించును.

రకాలు

* యాక్టివ్-బ్యాకప్: ఒక లింకు పనిచేయుచుండగా మరియొకటి సిద్ధంగా ఉండును. స్విచ్చులో ప్రత్యేక అమరిక అక్కరలేదు.
* మెషీన్ల వారీ పంపిణీ: ఒక్కొక్క వర్చువల్ మెషీన్‌ను ఒక్కొక్క కార్డుకు కేటాయించుదురు. వీఎమ్‌వేర్ ఈఎస్ఎక్స్ఐలో సహజంగా ఉండు అమరిక ఇదే. దీనికిని స్విచ్చులో లింకులను జతచేయరాదు.
* స్థిర జత: రెండువైపులా చేతితో అమర్చవలెను. ఎదుటివైపు సరిగా ఉన్నదీ లేనిదీ పరికరాలు తెలుసుకొనలేవు.
* ఎల్ఏసీపీ: రెండువైపుల పరికరాలు సందేశాలు మార్చుకొని, సరిపోలిన లింకులనే జతలో చేర్చును. ఈ సందేశాలు నిదాన పద్ధతిలో 30 సెకండ్లకు, వేగ పద్ధతిలో 1 సెకనుకు ఒకసారి వెలువడును.

వివిధ హోస్టులలో అమరిక

లినక్సు కేవీఎమ్ హోస్టులో మొదట కార్డులను చేర్చి బాండ్‌ను, దానిపై బ్రిడ్జిని ఏర్పరచి, వర్చువల్ మెషీన్లను బ్రిడ్జికి తగిలించుదురు. హోస్టు ఐపీ చిరునామాను కార్డులకు గాక బ్రిడ్జికి ఇవ్వవలెను. బాండింగ్‌లో 0 నుండి 6 వరకు ఏడు రీతులు కలవు. వీనిలో 1 (యాక్టివ్-బ్యాకప్), 4 (ఎల్ఏసీపీ) బ్రిడ్జితో చక్కగా పనిచేయును. 0, 5, 6 రీతులు వర్చువల్ మెషీన్ల బ్రిడ్జికి తగవు. లింకు స్థితిని పరిశీలించు మిఐమాన్ విలువను సాధారణంగా 100 మిల్లీసెకండ్లుగా ఉంచుదురు.

ఈఎస్ఎక్స్ఐ సాధారణ వర్చువల్ స్విచ్చులో ఎల్ఏసీపీ లేదు. అందు ఐపీ హాష్ పద్ధతితో స్థిర జత మాత్రమే సాధ్యం. ఎల్ఏసీపీ కావలెనన్న డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్చు ఉండవలెను. హైపర్-విలో విండోస్ సర్వర్ 2016తో వచ్చిన స్విచ్ ఎంబెడెడ్ టీమింగ్ స్విచ్చుతో నిమిత్తం లేకుండ పనిచేయును. ఇది ఎల్ఏసీపీని అంగీకరించదు.

సాధారణ పొరపాట్లు

* ఒకవైపు మాత్రమే జతచేయుట: హోస్టు ఐపీ హాష్ వాడుచు స్విచ్చులో జత లేనిచో, ఒకే మ్యాక్ చిరునామా స్విచ్చుకు ఒకసారి ఒక పోర్టులో, మరియొకసారి వేరొక పోర్టులో కనిపించును. అప్పుడు కొన్ని కనెక్షన్లు పనిచేయుచు కొన్ని తెగిపోవుచుండును. లోపం నిలకడగా ఉండదు గనుక కనుగొనుట కష్టం.
* వేర్వేరు స్విచ్చులకు కలుపుట: ఒక జతలోని లింకులన్నీ ఒకే స్విచ్చుకు చేరవలెను. రెండు స్విచ్చులు స్టాక్‌గా గాని, ఎమ్‌లాగ్ పద్ధతిలో గాని ఒకటిగా పనిచేయునపుడే ఎల్ఏసీపీ లింకులను వాటి మధ్య పంచవచ్చును. లేనిచో యాక్టివ్-బ్యాకప్ మేలు.
* వీలాన్‌లను మరచుట: మెషీన్లకు కావలసిన వీలాన్‌లన్నీ జతలోని ప్రతి పోర్టులోను అనుమతింపబడవలెను.
* దూరం నుండి మార్చుట: అమరిక మధ్యలో హోస్టుతో సంబంధం తెగిపోవచ్చును. కన్సోల్ అందుబాటులో ఉంచుకొని, వర్చువల్ మెషీన్లను ముందుగా వేరొక హోస్టుకు తరలించుట క్షేమం.

పరీక్ష

అమరిక పూర్తియైన పిదప ఒక వర్చువల్ మెషీన్ నుండి నిరంతరం పింగ్ చేయుచు, ఒక కేబులును తీసి, తిరిగి పెట్టి, తరువాత రెండవదానిని తీసి చూడవలెను. ఒక్క కేబులును మాత్రమే పరీక్షించినచో రెండవది మొదటినుండి పనిచేయకున్నను తెలియదు. ఆ సంగతి మొదటిది చెడిన రోజున బయటపడును.

ఇవి కూడా చూడండి

* ఈథర్నెట్
* నెట్‌వర్కు స్విచ్చు
* వర్చువల్ మెషీన్
* హైపర్‌వైజర్