స్వతంత్ర క్రైస్తవ సంఘం: భక్తసింగ్ సహవాసాల విశ్వాసాలు, ఆచారాలు

ఏ మిషనుకూ, ఏ డయోసిసుకూ లోబడకుండా, బైబిలునే ప్రమాణంగా పెట్టుకుని, ఊళ్లోని పెద్దల నడిపింపులో సాగే సంఘాన్ని తెలుగునాట స్వతంత్ర సంఘం అంటారు. ఇలాంటివాటిలో తెలుగువారి మీద లోతైన ముద్ర వేసినవి బ్రదర్ భక్తసింగ్ (1903–2000) పరిచర్య వల్ల ఏర్పడిన సహవాసాలు. హైదరాబాదులోని హెబ్రోను వీటికి ముఖ్య కేంద్రం కాబట్టి బయటివారు వీటిని హెబ్రోను సంఘాలంటారు. లోపలివారు ఆ పేరు చెప్పుకోరు. విశ్వాసులం అంటారు, అంతే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో మిషను సంఘానికీ స్వతంత్ర సంఘానికీ ఉన్న తేడా అర్థం కావాలంటే ముందు మిషను చరిత్ర తెలియాలి. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి పంపిన ఆర్కాటు మిషనును 1853లో స్కడర్ కుటుంబం మొదలుపెట్టింది. 1863లో జేకబ్ ఛాంబర్లేన్ మదనపల్లెకు వచ్చి, వైద్యమూ సువార్తా కలిపి నడిపాడు. 1915 నాటికి ఊరి దగ్గర్లో ఆరోగ్యవరం క్షయ వైద్యశాల తెరుచుకుంది. ఆర్కాటు మిషను సంఘాలు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలో కలిశాయి. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో అదీ భాగమైంది. ఈ క్రమంలో చర్చి అంటే కాంపౌండు, బడి, ఆస్పత్రి, జీతం మీద వచ్చే అయ్యగారు, పైన బిషపు అనే రూపం జనం మనసులో స్థిరపడింది. స్వతంత్ర సంఘానికి ఇవేవీ అక్కర్లేదు. ఒక ఇంటి వసారా, నాలుగు చాపలు, ఒక బైబిలు ఉంటే కూడిక మొదలవుతుంది. కుప్పం నియోజకవర్గంలోని శాంతిపురం లాంటి మండలం మిషను కేంద్రాలకు దూరం. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు దగ్గర. అలాంటి పల్లెకు ఈ పద్ధతి ఎంత అనువైనదో వేరే చెప్పక్కర్లేదు.

భక్తసింగ్ పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఇంజనీరింగు చదువుకు 1926లో లండను వెళ్లి, అక్కడి నుంచి కెనడా చేరాడు. 1929లో కొత్త నిబంధన చదివి క్రీస్తును నమ్మాడు. 1932 ఫిబ్రవరిలో వాంకూవరులో బాప్తిస్మం పొందాడు. 1933లో బొంబాయిలో దిగినప్పుడు, ఈ సంగతి బయట పెట్టవద్దని తల్లిదండ్రులు కోరారు. ఆయన ఒప్పుకోలేదు, ఇంటికి దూరమయ్యాడు. ఏ మిషను జీతమూ లేకుండా ఊరూరా తిరిగి బోధించాడు. నమ్మినవారిని అప్పటికే ఉన్న సంఘాలకు అప్పగించడమే మొదట్లో ఆయన పద్ధతి. వారికి అక్కడ తగిన పోషణ దొరకడం లేదని తోచాక, 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద సహచరులతో రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. ఆ ఏడాది జూలైలో మద్రాసులో యెహోవా షమ్మా సంఘం మొదలైంది. హైదరాబాదులో హెబ్రోను 1950లో వెలిసింది. కొండ మీద ఆ రాత్రి ప్రార్థనను ఈ సహవాసాల పుట్టుకగా చెప్పుకోవడం సబబే. సంస్థ పెట్టాలన్న పథకం కన్నా నమ్మినవారి పోషణ చింతే అక్కడ ముందు నిలిచింది.

విశ్వాస విషయాల్లో కొత్త సిద్ధాంతమేమీ లేదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రియేక దేవుడు, క్రీస్తు సిలువ మరణం, పునరుత్థానం, రెండవ రాకడ, బైబిలు దైవప్రేరితమన్న నమ్మకం మిగతా సువార్తిక సంఘాలతో సమానమే. మిషను సంఘాలతో తేడా వచ్చేది రక్షణ దగ్గర. క్రైస్తవ కుటుంబంలో పుట్టినంత మాత్రాన ఎవరూ క్రైస్తవులు కారు, మారుమనస్సు పొంది తిరిగి జన్మించాలి అని వీరు గట్టిగా చెబుతారు. అందుకే కూడికల్లో సాక్ష్యానికి అంత చోటు. ఎప్పుడు, ఎలా రక్షణ పొందారో ఎవరికి వారు లేచి చెప్పుకోవాలి. శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు, దేవునికి ప్రతిష్ఠించి ప్రార్థిస్తారు. నమ్మి ఒప్పుకున్న వయోజనులకు నీటిలో ముంచి బాప్తిస్మం ఇచ్చి, ఆ పైన పెద్దలు చేతులుంచి ప్రార్థన చేస్తారు. రోగులకు నూనె రాసి ప్రార్థించడం ఉంది. అయినా అన్యభాషల్లో మాట్లాడడాన్ని ఆత్మ పొందిన గురుతుగా పట్టుబట్టరు. ఇక్కడే పెంతెకొస్తు సంఘాల నుంచి వేరుపడతారు.

ఆచరణకు పునాది అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం 42వ వచనం. అపొస్తలుల బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన అనే నాలుగింటి మీద సంఘ జీవితమంతా నడవాలంటారు. ఆదివారం చెప్పులు బయట విడిచి, చాపల మీద మగవారొకవైపు ఆడవారొకవైపు కూర్చుంటారు. స్త్రీలు తలమీద ముసుగు వేసుకుంటారు. ముందే అచ్చువేసిన ఆరాధన క్రమం ఉండదు. పాట అయ్యాక ఒకరి తర్వాత ఒకరు లేచి తమ మాటల్లో స్తుతి చెల్లిస్తారు. చదువురాని కూలీ, కాలేజీ లెక్చరరు ఒకే చాప మీద ఒకే వరుసలో ప్రార్థించే దృశ్యం, కులపు గోడలు గట్టిగా ఉన్న మన పల్లెల్లో చిన్న విషయం కాదు. ప్రతి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, ఒకే రొట్టె విరిచి పంచుకుంటారు. వాక్యోపదేశం తర్వాత ప్రేమ విందులో అందరూ కింద కూర్చుని కలిసి భోంచేస్తారు. పొద్దున మొదలైన కూడిక ముగిసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. క్రిస్మస్, ఈస్టరు పండుగలకు మిషను సంఘాలిచ్చే ప్రాధాన్యం వీరివ్వరు. నగల విషయంలోనూ నిరాడంబరతే మేలంటారు.

సంఘాన్ని నడిపేది పెద్దలు. పూర్తికాలం సేవ చేసేవారుంటారు గానీ వారికి నిర్ణీత జీతం లేదు. అక్కరలను మనుషులకు చెప్పక దేవునికే చెప్పి బతకాలన్నది నియమం. సంచి పట్టుకుని వరుసలో తిరగరు, కానుక పెట్టె ఒక పక్కన ఉంటుంది. బోధ, పెద్దరికం మగవారికే పరిమితం. సంఘంలో సగానికి తక్కువ కాని స్త్రీలకు నిర్ణయాల్లో చోటు లేకపోవడం ఈ పద్ధతిలో స్పష్టమైన లోపం. ఇంకో లోపం, పెద్దల మధ్య తగవు వస్తే తీర్చే పై అధికారం లేకపోవడం. ఇలాంటి సంఘాలు చీలడానికి సిద్ధాంతం కంటే ఇదే ఎక్కువ కారణమవుతుంది.

ఏటేటా జరిగే హోలీ కన్వొకేషన్ ఈ సహవాసాలను కలిపి ఉంచే పెద్ద బంధం. లేవీయకాండము 23వ అధ్యాయంలోని పరిశుద్ధ కూటాలు దీనికి ఆధారం. మొదటిది 1941 డిసెంబరులో మద్రాసులో జరిగింది. తర్వాత హైదరాబాదు కూటాలు ప్రసిద్ధికెక్కాయి. వేలమంది పందిళ్ల కింద కలిసి ఉండి, భోజనాలు ఉచితంగా పొంది, ఒకే ప్రసంగాన్ని పలు భాషల్లో వింటారు. వచనాలు రాసిన బ్యానర్లతో వీధుల్లో సువార్త ఊరేగింపు సాగుతుంది. భక్తసింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశాడు. ఆయన సమాధి నారాయణగూడ శ్మశానవాటికలో ఉంది.

తెలుగు స్వతంత్ర సంఘాలన్నీ ఒక తీరువి కావు. ముంగమూరి దేవదాసు 1938లో ఆరంభించిన బైబిలు మిషను దర్శనాలకు, దేవుని సన్నిధిలో కనిపెట్టడానికి, అంటే ఎదురుచూస్తూ ప్రార్థించడానికి, పెద్దపీట వేసింది. కృష్ణా జిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు క్రీస్తును గురువుగా నమ్మి కూడా బాప్తిస్మాన్నీ సంఘ వ్యవస్థనూ తోసిపుచ్చాడు. భక్తసింగ్ బాప్తిస్మాన్ని తప్పనిసరి విధేయత అన్నాడు.

ఆ విధేయతకు చట్టం ముందు ఒక మూల్యం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా క్రైస్తవులకు వర్తించదు. ఆ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సీ కింద లెక్కిస్తారు. ఇక క్రైస్తవుల పెళ్లిళ్లకు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. స్వతంత్ర సంఘంలో పెళ్లి తలపెట్టినవారు, జరిపించే సేవకునికి ఆ చట్టం కింద ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ముందుగానే చూసుకోవాలి.